రాని గీత

నాడీన్ ఫ్రీజర్ తలుపు తీసి, గడ్డకట్టిన మొక్కజొన్న సంచుల వెనక చెయ్యి పెట్టి నల్లటి గాజుసీసా ఒకటి బయటికి లాగింది. సీసా మీద ఎర్ర సిరాతో పుర్రె బొమ్మ. గీసింది తనే. పుర్రెకి పళ్ళు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువున్నాయి.

“నవ్వకు. పోయిన క్రిస్మస్‌కి మా చెల్లెలు ఇది వెనిల్లా అనుకుని కేకు పిండిలో పొయ్యబోయింది. ఇంకా నయం, నేను చూశాను.”

ట్రెసా నవ్వే స్థితిలో లేదు. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా ఇద్దరూ నది ఒడ్డునున్న ఓల్డేజ్ హోమ్‌లో పదిహేడుమంది ముసలివాళ్ళకి ఒళ్ళు కడిగి, బట్టలు మార్చి, తినిపించి వచ్చారు. నాడీన్ అక్కడ ఆయాగా చేరి పంతొమ్మిదేళ్ళు. ట్రెసా చేరి మూడేళ్ళు. జనవరిలో ఆ హోమ్‌ని ఏదో పెద్ద కంపెనీ కొనుక్కుంది. కొన్న నెలకే అందరిచేతా ఒక కాగితం మీద సంతకాలు పెట్టించింది. సిగరెట్టు గానీ, ఆవిరి పీల్చే వేప్ గొట్టం గానీ, నమిలే పొగాకు గానీ, ఏ రూపంలోనైనా నికోటిన్ ఒంట్లో ఉన్నవాళ్ళకి ఇకమీదట అక్కడ పని లేదు. ‘వాడతాను’ అన్న గడిలో టిక్కు పెట్టినవాళ్ళకి మానుకోవడానికి తొంభై రోజుల గడువు. ‘వాడను’ అని పెట్టినవాళ్ళని మార్చి నెలలో ఏదో ఒక రోజు, చెప్పకుండా పరీక్ష చేస్తారు. పరీక్షలో దొరికితే అబద్ధమాడినట్టు లెక్క. ఆ రోజే ఇంటికి.

ట్రెసా ‘వాడతాను’ అని పెట్టింది. కాదనడానికి వీల్లేదు. ఆమె కోటు జేబులోని వేప్ పుచ్చకాయ వాసన వరండా చివరిదాకా తెలుస్తుంది.

“గడువులో ఎన్ని రోజులు పోయాయి?” అంది నాడీన్, సీసాని గుడ్డలో పొదివి బల్ల మీద పెడుతూ.

“ఇరవై రెండు.”

“ఎంత తగ్గించావు?”

“ఏమీ తగ్గించలేదు. పెట్రోల్ బంకులో దొరికేవన్నీ ఒకటే బలం. అది పీల్చినా చస్తాను, మానేసినా చస్తాను.”

“కంపెనీ ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీలిచ్చిందిగా?”

ట్రెసా చొక్కా చెయ్యి పైకి లాగింది. భుజం కింద నలుచదరంగా ఎర్రగా, పొక్కులు. పట్టీ అంటించిన చోటల్లా అంతే. “ఆస్ట్రాండర్‌కి చూపించాను. ఇంకో చోట అంటించుకోమంది.”

“ఎక్కడ? ఆవిడ నెత్తిమీదా?”

ఈసారి ట్రెసా నవ్వింది. కోటు విప్పి కుర్చీకి వేసింది.

కెండ్రా ఆస్ట్రాండర్ కంపెనీ పంపిన సిబ్బంది అధికారి. గడువు తీసుకున్నవాళ్ళు కంపెనీ ఇచ్చిన పట్టీలు తప్ప ఇంకేదీ ముట్టుకోకూడదని ఆమె రెండు సార్లు చదివి వినిపించింది. వేప్ తాగుతూ పట్టుబడితే గడువు రద్దు. ఉద్యోగం పోతే అదే రోజున ఇన్సూరెన్స్ కూడా పోతుంది. ట్రెసా భర్త లానీకి వెన్ను ఆపరేషన్ ఈ నెల పంతొమ్మిదిన. కలప మిల్లులో దుంగ జారి మీదపడినప్పటి నుంచి అతను మంచం మీద కూడా పడుకోలేక, హాల్లో నేలమీద పడుకుంటున్నాడు.

“కనుక నువ్విక్కడికి రాలేదు, నేను నీకేమీ చూపించలేదు,” అంది నాడీన్. “వేప్‌లో పోసే ద్రవం ఇంట్లోనే కలుపుకుని, నేను పద్దెనిమిది బలం దగ్గర మొదలెట్టాను. పదిహేను రోజులకోసారి మూడేసి తగ్గించుకుంటూ పోయాను. సున్నా అయి పదకొండు నెలలైంది, అందుకే ‘వాడను’ అన్న గడిలో టిక్కు పెట్టాను. ఇప్పుడు నేను పీల్చేది ఉత్త ఆవిరి. పీచ్ పండు వాసన. అది కూడా మానెయ్యొచ్చు గానీ, మానేస్తే నా చేతులకి పనుండదు.”

బల్లమీద అన్నీ వరసగా పేర్చింది. అరచేతంత కాటా. సూదుల్లేని సిరంజిలు నాలుగు. నీళ్ళలా పల్చగా ఉన్న ద్రవం ఒక డబ్బాలో, తేనెలా జారే గ్లిజరిన్ ఇంకో డబ్బాలో. బొటనవేలంత పీచ్ ఫ్లేవర్ సీసా. గ్లవ్స్ పెట్టెలోకి చెయ్యి పెట్టి వెతికితే ఒక్క జతే మిగిలింది. దాన్ని ట్రెసా వైపు తోసింది.

“మరి నీకు?”

“నేను దేన్నీ ముట్టుకోను. కలిపేది నువ్వు. చూస్తే రాదు ఇది, చెయ్యాలి.”

ఖాళీ సీసాని కాటా మీద పెట్టించి సున్నా నొక్కించింది. “ముందు నికోటిన్. చెయ్యి అలిసిపోక ముందే ఆ పని అయిపోవాలి. వంద మిల్లీలీటర్ల సీసాకి పన్నెండు బలం కావాలి నీకు. ఈ నల్లసీసాలోది వంద బలం. ఎంత లాగాలి?”

ట్రెసా పెదాలు కదిలాయి. “పన్నెండు మిల్లీలీటర్లు.”

“చూశావా, స్కూల్లో లెక్కలు రావన్నావు. ఇంకో పదిహేను రోజులకి తొమ్మిది. తర్వాత ఆరు, తర్వాత మూడు. గడువు దాటేసరికి ఒంట్లో ఏమీ మిగలదు. నెమ్మదిగా లాగు. బుడగలు రానివ్వకు.”

హోమ్‌లో మిసెస్ స్టిడమ్ నోట్లో మందు పోసేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకుంది ట్రెసా సిరంజిని. పన్నెండు దగ్గర ఆగింది. కాటా మీది సీసాలోకి చుక్క చుక్కగా వదిలింది. అంకెలు మారుతుంటే ఊపిరి బిగబట్టి చూసింది. అయిపోయాక సిరంజిని పక్కన పెట్టి, “తర్వాత?” అంది, వంట నేర్చుకునే పిల్లలా.

“తర్వాత ఫ్లేవర్. ఎనిమిది మిల్లీలీటర్లకి మించొద్దు. మొదటిసారి అందరూ గుమ్మరిస్తారు. తర్వాత సబ్బు నాకినట్టుందని ఏడుస్తారు. కలిపాక వారం రోజులు చీకట్లో మాగబెట్టాలి, ఊరగాయలా. ఇప్పుడే పీల్చినా చావవు గానీ, పచ్చి వాసనేస్తుంది.”

ట్రెసా ఫ్లేవర్ సీసా కోసం బల్ల అవతలికి వంగింది. మూత పెట్టని నల్లసీసాకి ఆమె మోచెయ్యి తగిలింది.

సీసా పడిన చప్పుడు కూడా పెద్దగా లేదు. ద్రవం బల్లమీద నాలికలా చాచుకుని ట్రెసా ఒడివైపు పాకింది. ఆమె కదలకుండా చూస్తూ ఉండిపోయింది. నాడీన్ ఒక చేత్తో ట్రెసా కుర్చీని వెనక్కి తన్నేసినట్టు తోసి, రెండో అరచేతిని బల్ల అంచున గోడలా పెట్టింది. ద్రవం ఆమె వేళ్ళమధ్య నుంచి మణికట్టు మీదికి కారింది. గిన్నెలు తుడిచే గుడ్డ లాగి, రెండు చేతులతో అద్ది, సీసాని నిలబెట్టి, అప్పుడు లేచి కుళాయి తిప్పింది.

“నీమీద పడిందా?”

“లేదు. నాడీన్, నీ చేతులు…”

“సబ్బు ఇటియ్యి.”

చాలాసేపు కడుక్కుంది. తర్వాత కిటికీలన్నీ తెరిచి, బల్ల తుడిపించి, ట్రెసా చేత మిగతా పని పూర్తి చేయించింది. పల్చటిది, ఆ తర్వాత గ్లిజరిన్. మూత బిగించి కుదపడం. చీటీ మీద తేదీ, బలం రాసి అంటించడం. చీటీ అంటించేసరికి నాడీన్ పైపెదవి మీద చెమట పట్టింది. మాట మధ్యలో ఆపి, పెరటి మెట్లమీద కూర్చుని, మోకాళ్ళమధ్య తల పెట్టుకుంది.

“హాస్పిటల్‌కి పోదాం.”

“పో, నువ్వు పో. పద్నాలుగో ఏట మా మామయ్య సిగరెట్టు దొంగతనంగా కాల్చినప్పుడు అచ్చం ఇలాగే అయింది.” ఉమ్మి వేసి, తడికళ్ళతో పైకి చూసింది. “ఇంత డబ్బు పోసి మానుకున్నది ఒక్కరోజులో తాగినట్టయింది. ఫరవాలేదు, తగ్గుతోంది. నీ సీసా మర్చిపోకు.”

ట్రెసా సీసాని కోటు లోపలి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళింది.

మర్నాడు తొమ్మిదింటికి హోమ్ భోజనాల హాల్లో ఒక బల్ల వేశారు. బల్ల వెనక తెల్లకోటు అమ్మాయి, ఆమె పక్కన జాబితా పట్టుకుని ఆస్ట్రాండర్. పరీక్ష ఈ రోజేనని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. ‘వాడను’ అని పెట్టినవాళ్ళని పేరుపేరునా పిలుస్తున్నారు. ట్రెసా కిటికీ దగ్గర మిసెస్ స్టిడమ్ చక్రాల కుర్చీ ఆపి ఆమె జుట్టు దువ్వుతోంది. తొంభైయొకటో ఏట ఉన్న ఆ ముసలమ్మకి జుట్టంటే ప్రాణం. చిక్కు తీసేటప్పుడు ఒక్క వెంట్రుక లాగినా ఊరుకోదు.

నాడీన్ ఏదో పాట కూనిరాగం తీస్తూ వచ్చింది. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి ఉన్నాయి. అప్పుడే ఎవరికో స్నానం చేయించి వస్తున్నట్టుంది. తెల్లకోటు అమ్మాయి ఇచ్చిన దూదిపుల్లని బుగ్గలో పెట్టుకుని, ట్రెసా వైపు చూసి, చిన్నపిల్లలు చాక్లెట్ పుల్ల చప్పరించినట్టు మొహం పెట్టింది.

“ఇది గర్భ పరీక్షలాంటిది కాదండీ,” అని తెల్లకోటు అమ్మాయి తర్వాతామెకి చెబుతోంది. “రెండో గీత వస్తే ఏమీ లేనట్టు. రాకపోతే ఉన్నట్టు.”

పది నిమిషాలయ్యాక ఆ అమ్మాయి నాడీన్ పరీక్ష పట్టీని తీసి చూసింది. మళ్ళీ చూసింది. కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ట్రెసాకి మూడడుగుల దూరంలో ఉంది అది. తెల్లటి పట్టీ మీద ఒకే ఒక గులాబిరంగు గీత. దాని కింద ఖాళీ.

నాడీన్ పట్టీ వంక చూడలేదు. తన రెండు అరచేతులు తిప్పి చూసుకుంది. తర్వాత తలెత్తి ట్రెసాని చూసింది. రెప్పపాటు కంటే తక్కువసేపు చూసి, కళ్ళు పక్కకి తిప్పేసుకుంది.

“నిన్న నా చేతుల మీద నికోటిన్ ఒలికింది,” అంది ఆస్ట్రాండర్‌తో. “అరవకుండా చెబుతున్నాను, వినండి. నేను పదకొండు నెలలుగా వాడటం లేదు. నిన్న ఇంట్లో సీసా ఒలికింది.”

“వాడనివాళ్ళ ఇంట్లో నికోటిన్ సీసా ఎందుకుంది?”

నాడీన్ నోరు తెరిచింది. దువ్వెన మిసెస్ స్టిడమ్ జుట్టులో చిక్కుకుని ఆగిపోయింది. ట్రెసా దాన్ని వదల్లేదు.

“పాతది,” అంది నాడీన్ చివరికి. “పారెయ్యలేదు.”

“ఆఫీసులో మాట్లాడదాం.”

“వారమాగి మళ్ళీ పరీక్ష చెయ్యండి. రక్తం తీసుకోండి.”

“మీరు సంతకం పెట్టిన కాగితంలో రెండో పరీక్ష లేదు, నాడీన్.”

పన్నెండు కాకముందే నాడీన్ అట్టపెట్టె ఒకటి పట్టుకుని వంటగది పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. పెట్టెలో ఒక జత చెప్పులు, ఒక స్వెట్టరు, ముసలివాళ్ళు ఇచ్చిన గ్రీటింగ్ కార్డులు. ముందు తలుపులోంచి పోతే ముసలివాళ్ళు చూస్తారని ఆస్ట్రాండరే అటు పొమ్మంది. ట్రెసా ఆ సమయానికి ఏడో గదిలో ఉంది. కారు స్టార్టయిన చప్పుడు విని కూడా కిటికీ దగ్గరికి పోలేదు. పక్క దుప్పటి మూలలు నాలుగూ మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

“జుట్టు లాగావు నువ్వు ఇందాక,” అంది మిసెస్ స్టిడమ్ మధ్యాహ్నం సూప్ తాగుతూ. “నాడీన్ లాగదు. నాడీన్ని పిలు.”

“నాడీన్ ఇవాళ లేదండీ.”

“రేపు పిలు.”

ఆ సాయంత్రం ట్రెసా లానీకి అంతా చెప్పింది. అతను కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద సోఫా దిండు పెట్టుకుని, ఇంటికప్పు చూస్తూ విన్నాడు.

“నీ పేరు చెప్పిందా?”

“చెప్పలేదు.”

“మంచిది.” కప్పు మీంచి చూపు ఆమె వైపు తిప్పాడు. “అంటే, ఆమెకి జరిగింది మంచిదని కాదు.”

“నేను ఒలకబోశాను లానీ. నా ఒళ్ళో పడకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.”

“విన్నాను. ఇవాళ ఆరో తారీఖు. పంతొమ్మిది దాకా నోరు మూసుకో. నన్ను కోసి కుట్టేశాక నువ్వు కొండెక్కి అరిచి చెప్పు, నేనొచ్చి పక్కన నిలబడతాను. నిలబడగలిగితే.” నవ్వబోయి, నడుం పట్టేసి, పళ్ళు బిగించాడు. నొప్పి పోయేదాకా ట్రెసా అతని పాదాలు పట్టుకుని కూర్చుంది.

తను కలిపిన సీసా స్నానాలగదిలో తువ్వాళ్ళ వెనక ఉంది. మూడో రోజుకి ఉండబట్టలేక, నాడీన్ ఇచ్చిన పాత వేప్ గొట్టంలో పోసి పీల్చింది. పీచ్ వాసన పచ్చిగా, మందులా ఉంది. ఆమె దగ్గలేదు. బాగానే కుదిరింది. అదే ఆమెకి భరించరానిదిగా అనిపించింది.

హోమ్‌లో నాడీన్ చోటులో ఎవరినీ వెయ్యలేదు. పదిహేడుమందిని ట్రెసా, పక్క షిఫ్టు నుంచి కాసేపు పంపే ఇంకొకమ్మాయి పంచుకున్నారు. స్నానాలు వారానికి మూడు నుంచి రెండయ్యాయి. ఆదివారం మిసెస్ స్టిడమ్ రొట్టె ముక్క తోసేసి, నాడీన్ చచ్చిపోయిందా, పోతే దాచకుండా చెప్పమంది. చచ్చిపోలేదని ట్రెసా ఒట్టు పెట్టాల్సి వచ్చింది.

సోమవారం డ్యూటీ దిగాక ఆమె ఆస్ట్రాండర్ గది తలుపు తట్టింది. తట్టాక పారిపోదామా అనుకుంది గానీ, లోపలి నుంచి రమ్మన్నారు.

“నాడీన్ సంగతి,” అంది, కూర్చోకుండానే. “ఆ నికోటిన్ ఒలికింది నా వల్ల. వాళ్ళింట్లో నేను…”

ఆస్ట్రాండర్ లేచి వచ్చి తలుపు వేసింది. నలభై దాటని మనిషి. అలిసిపోయిన మొహం, నీటుగా కత్తిరించిన గోళ్ళు. బల్ల అంచున ఆనుకుని నిలబడింది.

“ట్రెసా, ఒక్క నిమిషం. మీరిప్పుడు చెప్పేది నేను విన్నానంటే రాసుకోవాలి. రాసుకున్నానంటే ఆ ఇంట్లో మీరేం చేస్తున్నారని అడగాలి. అడిగితే మీ గడువు పోతుంది. ఇప్పటికే నాకు ఈ హోమ్‌లో ముగ్గురు మనుషులు తక్కువ.” గొంతు తగ్గించింది. “కాబట్టి నేనేమీ వినలేదు. మీరు కాగితం మీద ఏమీ పెట్టకండి.”

“కానీ ఆమె అబద్ధం చెప్పలేదు.”

“చెప్పలేదేమో. నాడీన్ విషయంలో ఆ గీత ఒక్కటే కాదు. ఫిబ్రవరిలో హోమ్‌ని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు, రాత్రి షిఫ్టులో ఎంతమంది ఉంటారని ఆమెనెవరూ అడగలేదు. అడగకుండానే వెళ్ళి, ఉండాల్సినంతమంది ఉండటం లేదని చెప్పింది.” బల్లమీది గాజుగిన్నె ముందుకి జరిపింది. “పిప్పరమెంటు తీసుకోండి. మీ ఆయనకి ఆపరేషన్ ఎప్పుడు?”

“పంతొమ్మిదిన.”

“బాగా జరగాలని కోరుకుంటున్నాను.” ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అన్నట్టుంది.

ట్రెసా పిప్పరమెంటు తీసుకుంది. కారులో కూర్చుని దాని కాగితం విప్పింది. గుండెల మీది బరువు దిగి, ఒళ్ళు తేలికైంది. చెప్పాను, వాళ్ళే వద్దన్నారు. ఇంక నేను చెయ్యగలిగేదేముంది? పిప్పరమెంటు సగం కరిగేదాకా ఆ హాయి నిలిచింది. తర్వాత కిటికీ అద్దం దించి దాన్ని ఉమ్మేసింది.

బుధవారం వంటగది కిటికీ దగ్గర ట్రేలు అందుకుంటుంటే వంటామె గొంతు తగ్గించి చెప్పింది. నాడీన్ నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకుందట. కంపెనీ అడ్డం తిరిగిందట. అబద్ధపు సంతకం పెట్టి తనంతట తానే ఉద్యోగం పోగొట్టుకుంది కాబట్టి ఒక్క వారం భృతి కూడా ఇవ్వొద్దని రాసిందట. “పంతొమ్మిదేళ్ళు! కుక్కనైనా ఇలా తోలరు,” అని ట్రే మీద గరిటె మోగించింది వంటామె.

డ్యూటీ దిగి ట్రెసా నేరుగా నాడీన్ ఇంటికి వెళ్ళింది. దారంతా తను అనబోయే మాటలు, నాడీన్ అనబోయే మాటలు రెండూ తనే అనుకుంది. రాసిమ్మంటావా అని తను అడుగుతుంది. పిచ్చిదానా, లానీ సంగతి చూసుకో ముందు అని నాడీన్ కసురుతుంది. ఇద్దరూ ఏడుస్తారు.

నాడీన్ సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. తలుపు తీసే ఉంది. “రా,” అంది వెనక్కి తిరక్కుండా. వారంలో ఆమె చిక్కిపోలేదు, ఏమీ అవలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంది. బల్లమీద ప్రభుత్వ ముద్రతో ఒక ఉత్తరం, దానిమీద కళ్ళజోడు.

“కంపెనీ అడ్డుపడిందని విన్నాను,” అంది ట్రెసా.

“శుక్రవారం లోపల నేను చెప్పుకోవాల్సింది చెప్పుకోవాలి. సాక్ష్యం ఉంటే జతచెయ్యాలి.” చెక్కు పొడుగ్గా, తెగకుండా సింకులోకి జారింది. “ఆ రెండో గీత ఒలికిన దానివల్ల కూడా రాకుండా పోవచ్చని డాక్టరొకాయన రాసిచ్చాడు. ఒలికిందనడానికి మాత్రం నా నోటిమాట తప్ప ఏమీ లేదు.”

ట్రెసా దారిలో తయారుచేసుకున్న మాట అనేసింది. “నన్ను రాసిమ్మంటావా?”

నాడీన్ కత్తి కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. సొరుగు లాగి గీతల కాగితాల పుస్తకం, పెన్ను తీసి బల్లమీద పెట్టింది. కుర్చీ వెనక్కి లాగింది.

“రాయి.”

ట్రెసా కూర్చుంది. కూర్చున్నాక గాని తెలియలేదు తను ‘వద్దు’ అన్న మాట కోసం ఇంతదూరం వచ్చానని. పెన్ను మూత తీసింది. తన పూర్తిపేరు, ఇంటి చిరునామా, తేదీ రాసింది. ‘అయిదో తారీఖు సాయంత్రం నాడీన్ కట్లిప్ ఇంట్లో నికోటిన్ సీసా ఒలికింది’ అని రాసి ఆగింది.

నాడీన్ కళ్ళజోడు పెట్టుకుని భుజం మీంచి వంగి చదివింది. “‘ఒలికింది’ అంటే ఎవరు ఒలకబోశారని అడుగుతారు. నేనే అనుకుంటారు. జరిగింది జరిగినట్టు రాయి. నీ మోచెయ్యి తగిలి ఒలికింది. నీకోసం తీసిన సీసా. గ్లవ్స్ నీకున్నాయి, నాకు లేవు.”

ట్రెసా కొట్టేసి మళ్ళీ రాసింది. ‘నేను వాడటానికి కలుపుకుంటుండగా’ అన్న చోట పెన్ను ఆగిపోయింది.

“ఇది కంపెనీకి కూడా పంపుతారా?”

“ఒక కాపీ పోతుంది.”

“ఎప్పుడు పోతుంది?”

“రేపు పోవచ్చు. పదిరోజులు పట్టొచ్చు. వాళ్ళ ఇష్టం.”

“లానీ ఆపరేషన్ పంతొమ్మిదిన, నాడీన్.”

“తెలుసు.”

నాడీన్ ఎదురుగా కూర్చుంది. ఆమె చేతులు బల్లమీద ఉన్నాయి. నీళ్ళలో నానీ నానీ ముడతలు పడిన, గోళ్ళు పొట్టిగా కోసిన చేతులు.

“తెలుసు కాబట్టే ఆరు రోజులు నీకు ఫోన్ చెయ్యలేదు. రోజూ ఫోన్ చేతిలోకి తీసుకునేదాన్ని. లానీ నేలమీద పడుకుని ఉంటాడు కదా అనుకుని పెట్టేసేదాన్ని. ఆ రోజు వాళ్ళ ముందు కూడా నీ పేరు చెప్పలేదు. అంతవరకు చెయ్యగలిగాను నేను.” గొంతు పెరగలేదు, తగ్గలేదు. “ఇవాళ నువ్వే వచ్చావు. నువ్వే అడిగావు. అడిగితే వద్దంటానని వచ్చావని నాకు తెలుసు, పిల్లా. అనలేను. నాకు యాభై తొమ్మిదేళ్ళు. అబద్ధాలకోరునని పేరు పెట్టి పంపించారు. ఈ ఊళ్ళో ఇంకో హోమ్ కూడా వాళ్ళదే.”

ట్రెసా కళ్ళు తుడుచుకోలేదు. పెన్ను కదిలించింది. ‘నేను వాడటానికి కలుపుకుంటుండగా, నా మోచెయ్యి తగిలి.’ చివరి వాక్యం తనంతట తనే రాసింది: ‘పరీక్ష రోజున నేను అక్కడే ఉన్నాను, ఈ సంగతి తెలిసి కూడా మాట్లాడలేదు.’ సంతకం పెట్టింది.

నాడీన్ అది చదివింది. చివరి వాక్యం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. “ఇది అక్కర్లేదు,” అంది.

“ఉండనీ.”

లైబ్రరీలో ఫ్యాక్స్ ఉంది. నాడీన్ కారు బ్యాటరీ చచ్చిందంటే ట్రెసా కారులోనే వెళ్ళారు. లైబ్రరీ అమ్మాయి కాగితాలు యంత్రం నోట్లో పెట్టింది. డాక్టరు కాగితం ముందు పోయింది, తర్వాత ట్రెసాది, తలకిందులుగా, నెమ్మదిగా. పోయినట్టు చీటీ వచ్చింది. నాడీన్ దాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. ఇంటిముందు దిగుతూ కారు తలుపు పట్టుకుని లోపలికి వంగింది.

“రేపు డ్యూటీ ఉందా?”

“ఆరింటికి.”

“వాళ్ళు వద్దనేదాకా వెళ్ళు. నీ అంతట నువ్వు మానకు.” తలుపు వేసి, మెట్లెక్కి, లోపలికి వెళ్ళిపోయింది.

ట్రెసా ఇంటికి వచ్చేసరికి అయిదు కావస్తోంది. లానీ ఎప్పటిచోటే ఉన్నాడు. టీవీ మోగుతోంది గాని అతను చూడటం లేదు. ఆమె టీవీ కట్టేసి, కోటుతోనే అతని పక్కన నేలమీద పడుకుంది. ఇంటికప్పు మీద నీళ్ళు కారిన మరక అతను రోజంతా చూసేది. ఆమె కూడా కాసేపు చూసింది.

“రాసిచ్చాను,” అంది.

అతను తల తిప్పలేదు. “ఎప్పుడు?”

“ఇందాక, నాలుగింటికి. పోయింది కూడా.”

బయట ఎవరో కారు వెనక్కి తీస్తున్న చప్పుడు. లానీ రొమ్ము పైకి లేచి దిగింది. ఆమె ఎదురుచూసింది, తిడతాడని. తిడితే బాగుండుననుకుంది. అతను ఒక చెయ్యి నేలకి ఆనించాడు.

“లేపు నన్ను. పడుకుని వినే మాట కాదిది.”

ట్రెసా లేచి, కోటు విప్పి, అతని తల దగ్గరికి వచ్చి మోకాళ్ళమీద కూర్చుంది. రెండు చేతులూ అతని చంకల కింద నుంచి పోనిచ్చి, అతని వీపుని తన రొమ్ముకి ఆనించుకుంది. అతని మెడ చెమటగా ఉంది. “నా మీద బరువు వెయ్యి. నువ్వేమీ చెయ్యకు,” అని, ఒకటి, రెండు లెక్కపెట్టి, మూడు దగ్గర ఎత్తింది.